శివారు

రాత్రి రెండుంబావుకి దింపారు
టెక్కలి అవతల్నుంచి, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి.
నడుం పైన మనిషి చెమటతో తడిసి ఉన్నాడు,
కింద రెండు పాదాలూ
కడిగి బోర్లించిన కంచు గిన్నెల్లా చల్లగా.

పేరు తవిటయ్య.
ముందు ముగ్గురు దక్కకపోతే
పుట్టగానే మంత్రసాని చేతిలో పెట్టేసి
చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారట.
కేస్ షీటు రాస్తుంటే పోలమ్మ చెప్పింది,
దానికి గడి లేదు.
పని అన్న గడిలో లష్కరు అని రాశాను.
వంశధార ఎడమ కాలవ మీద
తూము తలుపులు ఎత్తీ దించే మనిషి.

"అన్నం తిని సెయ్యి కడుగుతంటే
ఎవుడో నడుంకాడ కోసీసినట్టయినాది.
ఆ మీదట కాళ్ళు నావి కావు."

అన్నం తిన్నది తొమ్మిదింటికి.
నడుం నొప్పని ఊళ్ళో ఎవరో సూది పొడిచారు,
పడుకుంటే పోతుందన్నారు.
కండ ఓర్చుకునేది ఆరు గంటలు.
వేళ్ళు మడిచాను. మిగిలింది ముప్పావు గంట.

గజ్జల్లో రెండు వేళ్ళు ఆన్చాను. లేదు.
రెండో వైపు. లేదు.
డాప్లర్ పెన్ను పెడితే
స్టేషను దొరకని రేడియో గరగర.
మణికట్టు దగ్గర నాడి మాత్రం
తాగినవాడి నడకలా, తూలుతూ.

స్కానులో తెల్లని మందు
గుండె నుంచి నిటారుగా దిగింది,
బొడ్డు దగ్గర, మహాధమని
రెండు కాళ్ళకీ చీలే చోట
గోడకి కొట్టుకున్నట్టు ఆగింది.
ఆ కింద అంతా నలుపు.

పెద్ద నాళంలో రక్తం గడ్డ అన్నాను.
"పాయలు సీలేకాడ అడ్డం పడిందా?
గుర్రపుడెక్కా?"
అలాంటిదే.
"అయితే కింద సేలన్నీ ఎండిపోతన్నట్టే."
కళ్ళు మూసుకున్నాడు.

హెపారిన్ ఎక్కించాం.
ఉన్న గడ్డని అది కరిగించదు,
పెరగనివ్వదు, అంతే.
పాణిగ్రాహి గారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు.
గజ్జల్లో కోసి, సన్నని గొట్టం చివర
ఊదని బుడగని గడ్డ అవతలికి తోసి
అక్కడ ఊది, వెనక్కి లాగడం.
చెప్పడానికి ఇంతే.
ట్రేలో పడ్డది రెండు నల్ల జలగలంత.
ఒక మనిషి సగాన్ని ఆపింది ఇదా
అనిపించింది.

కాళ్ళు ఎర్రబడ్డాయి. నేను నవ్వాను.
ఆయన నవ్వలేదు.

తెల్లారేసరికి పిక్కలు రాళ్ళు,
మూత్రం టీ డికాషను.
చర్మం నిలువునా చీల్చి కండకి చోటిచ్చాం.
తరవాతెప్పుడో కట్టు మారుస్తుంటే
తవిటయ్యే అన్నాడు,
"ఎండిన కాలవకి ఒక్కపాలే నీరొదలకూడదమ్మా.
గట్లు తెగిపోతాయి."
నేను దాన్ని పుస్తకంలో
ఇరవై పేజీలు చదివాను.

ఎడమ కాలు చివరి రెండు వేళ్ళు
నల్లబడి, దక్కలేదు.
తీసేయాలని చెప్పడానికి
మూడుసార్లు మంచం దాకా వెళ్ళి వచ్చాను.
"శివారు కదమ్మా," అన్నాడు,
"శివారుకెప్పుడు అందింది కనక."

మాది వజ్రపుకొత్తూరు వైపు, ఎకరం ఇరవై సెంట్లు,
ఆ కాలవ చిట్టచివర.
వరి పొట్ట మీద ఉండగా నీరు రాక
మా నాన్న రాత్రుళ్ళు గట్టు మీద నిలబడి
ఊరూ పేరూ తెలియని ఒక లష్కర్ని
నోటికొచ్చినట్టు తిట్టేవాడు.
ఇతన్నే కాబోలు. ఇతని చేతిలో మాత్రం ఏముంది,
పైనున్న ఊళ్ళు తాళాలు లాక్కునేవి.
ఏమీ అనలేదు. కట్టు కట్టాను.

ఇప్పుడు నెలకోసారి వస్తాడు,
వార్ఫరిన్ చీటీ, కర్ర, పోలమ్మ.
తోటకూర మానకు,
ఒక వారం మానేసి ఇంకో వారం గంపెడు తినకు,
ఎప్పుడూ ఒకేలా తిను అంటే
"వంతులోరీ నీరు" అంటాడు.
రక్తం పలచన రెండుకీ మూడుకీ మధ్య ఉండాలన్నాను.
రెండుకి దిగితే గడ్డ,
మూడు దాటితే గండి,
అని తనే అప్పజెప్పాడు.

లెక్క రాసుకునేది కాలవ గేజీ పుస్తకంలోనే.
నిన్న అడిగి చూశాను.
నీలం సిరా, వంకర అంకెలు.
రక్తం: రెండు పాయింటు ఆరు.
కింది గీతలో
తూము దగ్గర నీరు: నాలుగడుగుల మూడంగుళాలు.